యంత్రం అతికించిన గాటు

ఆఫీసులో ఆమెకి పెట్టిన పేరు మిరపకాయ. ఎదురుగా ఎవరూ అనరు, వెనక అననివాళ్లు లేరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. "పచ్చిదా, ఎండుదా?" అని ఒకసారి గుమాస్తాని నిలదీసి అడిగేసరికి ఆయన తాగుతున్న టీ ముక్కులోకెక్కి ఆ పూటంతా దగ్గుతూనే ఉన్నాడు.

ఆమె పని వేలిముద్రలు చూడటం. దొంగ ముట్టుకున్న సీసానో, తలుపు పిడినో, కాగితమో పోలీసులు సంచిలో వేసుకొచ్చి ఆమె ఆఫీసున్న పాత భవనంలో అప్పగిస్తారు. వాటి మీద కంటికి కనపడని ముద్రల్ని మందులతో పైకి తేల్చాలి. తేలిన ముద్ర ఎవరిదో, ఎవరిది కాదో చెప్పాలి. చెప్పిన మాట మీద మనిషి లోపలికి పోతాడు, లేదా ఇంటికి పోతాడు. పెళ్లైన కొత్తలో ఈ ఉద్యోగం గురించి చుట్టాలెవరైనా అడిగితే "వేళ్లు చూస్తాను" అనేది. కొందరు జోస్యం చెబుతుందేమోనని చెయ్యి చాపేవాళ్లు.

ఇన్ని వేళ్లు చూసే మనిషి వేలు మాత్రం ఆఫీసు గుమ్మంలోని హాజరు యంత్రానికి ఎక్కదు. రోజంతా మందులు, పొడులు, ఆపైన మాటిమాటికీ సబ్బు. గీతలు అరిగి వేళ్లు గులకరాళ్లలా తయారయ్యాయి. పొద్దున్నే అందరూ వేలు పెట్టి టకటకా లోపలికి పోతుంటే, ఆమె వేలు తుడిచి, ఊది, మళ్లీ పెట్టి, చివరికి యంత్రానికి ఒక్కటిచ్చేది.

"మేడమ్, ఈ చేత్తో మీరు ఏ ఇల్లు దోచినా మనవాళ్లు పట్టుకోలేరు," అనేవాడు కాపలావాడు.

"దోచేదాన్నే అయితే ముందు నీ నోరు ఎత్తుకుపోతాను. పక్కకి జరుగు."

ఆ కోపం ఉద్యోగంతో వచ్చింది కాదు. ఆమె తండ్రి చిన్న ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చేవాడు. అక్షరాలు అచ్చులో తిరగబడి ఉంటాయి కాబట్టి ఆ ఇంట్లో పిల్లలకి తిన్నగా చదవడంతో పాటే తిరగేసి చదవడమూ వచ్చేసింది. ఒకరోజు అక్క ఎవరికీ తెలియకుండా సిరాబుడ్డి ఒలకబోసి పారిపోయింది. తండ్రి వచ్చి ఈమె చెంప పగలగొట్టాడు. "నేను కాదు నాన్నా" అంటే, "నీ మొహం చూస్తేనే తెలుస్తోంది" అన్నాడు. "మొహం చూస్తే ఎలా తెలుస్తుంది? చేతులు చూడు" అంది. రెండో చెంపా పగిలింది. చేతులు మాత్రం ఆయన చూడలేదు. ముందే తేల్చేసుకుని ఆ తరవాత చూసేవాళ్లంటే ఆమెకి ఒంటిమీద జెర్రి పాకినట్టుండేది.

ఈ పనిలో ఆమెకి ఓనమాలు దిద్దించినవాడిని ఆఫీసంతా మాష్టారు అంటుంది. ఆయన ఇప్పుడు అందరికీ పైవాడు. కొత్తలో ఆమెని బల్ల ముందు కూర్చోబెట్టి, చేతికి భూతద్దమిచ్చి, ఆయన చెప్పిన మొదటి మాట: "అనుమానితుడి వేలు ముందు చూడకు తల్లీ. దొరికిన ముద్రని ఒంటరిగా చూడు. గీత ఎక్కడ చీలిందో, ఎక్కడ ఆగిపోయిందో గుర్తులు పెట్టుకో. ఆ తరవాతే రెండోది తెరువు. ముందే తెరిచావా, ఇక నీకు కావలసిందే కనపడుతుంది." అంతేకాదు, ఒకరు తేల్చింది రెండోవారు విడిగా చూసి సంతకం పెడితేనే చెల్లుతుంది. ఆ మాటకి ఆమె ఆయన్ని తండ్రికంటే ఓ మెట్టు పైన కూర్చోబెట్టుకుంది.

అలాంటి మాష్టారు ముసలితనంలో కంప్యూటర్ మీద మనసు పడ్డాడు. ముద్రలు వెతికే యంత్రం ఎప్పట్నుంచో ఉన్నదే. లక్షల వేళ్లలో వెతికి, దగ్గరగా ఉన్నవాటిని వరసలో పెట్టి చూపిస్తుంది. దానితో ఆమెకి పేచీ లేదు. కొత్తగా వచ్చింది మరొకటి. వేలకొద్దీ వేలిముద్రలు చూపించి దానికి గీతలంటే ఏమిటో నేర్పారట. మసకబారిన ముద్రని దానికిస్తే కడిగిన ముత్యంలా చేసి ఇస్తుంది. తెగిన గీతల్ని కలుపుతుంది, మరకల్ని తీసేస్తుంది. పూటంతా పట్టే పని చిటికెలో అయ్యేసరికి మాష్టారు పిల్లాడిలా మురిసిపోయాడు. కడగని పచ్చి ఫొటో తెరవడం క్రమంగా అందరూ మానేశారు. ఆమె కూడా మానేసింది. ఆ తరవాత ఆమెకి ఎవరి మీద ఎంత కోపం వచ్చినా, అందులో ఒక వాటా తనదే.

ఆ కేసు ఇలా వచ్చింది. మందుల గోదాములో సాయంత్రం ఒంటరిగా ఉన్న లెక్కల గుమాస్తాని ఎవరో కుర్చీకి కట్టేసి సరుకు ఎత్తుకుపోయారు. మొహానికి ముసుగు, మాట లేదు. కట్టింది పార్సిళ్లకి వేసే పారదర్శకమైన టేపుతో. ఆ టేపు ముక్కలు ఆఫీసుకొచ్చాయి. ముద్రలు తేల్చడానికి అక్కడ ఒక గాజు పెట్టె ఉంది. దాంట్లో వస్తువుని వేలాడదీసి, అడుగున పళ్లెంలో సూపర్ గ్లూ వేడిచేస్తే, ఆ పొగ పైకి లేచి చెమట గీతల మీద తెల్లగా పేరుకుంటుంది. టేపు నున్నటి వైపు ఒక బొటనవేలు తేలింది. మాష్టారు దాన్ని ఫొటో తీసి, కొత్త ప్రోగ్రాంతో కడిగి, వెతికే యంత్రానికి ఇచ్చాడు. వరసలో మొదటి పేరు, ఇళ్ల సామాన్లు మోసే ఒక కూలీది. ఎప్పుడో వీధి తగాదాలో దొరికితే వేళ్లు తీసుకుని వదిలేసిన మనిషి. ఆ సాయంత్రం ఇంట్లో పడుకున్నానంటాడు. సాక్షి ఎవరంటే పెళ్లాం. పెళ్లాం సాక్ష్యానికి స్టేషన్లో ఎంత విలువుంటుందో అందరికీ తెలిసిందే. అతన్ని లోపలేశారు. మాష్టారు "అతనిదే" అని రాసి రెండో సంతకం కోసం ఆమె బల్ల మీద పడేశాడు.

"భోంచేసే లోపు పెట్టెయ్యి తల్లీ. స్టేషన్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు."

ఆమె భోజనానికని బయటికొచ్చింది. గేటు దగ్గర ఒకావిడ కాపలావాడితో గొడవ పడుతోంది. ఆ కూలీ భార్య. కేసుల వాళ్లతో ఆఫీసు మనుషులు మాట్లాడకూడదని నియమం. మిరపకాయ తలదించుకుని పోబోయింది.

"ఇదిగో, మీరేనా వేళ్లు చూసేది?" ఆవిడ దారికి అడ్డొచ్చింది.

"నేను మాట్లాడకూడదు. తప్పుకోండి."

"మాట్లాడకూడదా! రాయొచ్చా? స్టేషన్లో అడిగితే కంప్యూటర్ చెప్పిందన్నారు. ఆ కంప్యూటర్‌ని పిలవండి, నేను మాట్లాడతా. మా ఆయన ఏ వేలితో దాని కంట్లో పొడిచాడో అడుగుతా."

"మీ ఆయన మంచివాడని నాకు చెప్తే లాభం లేదమ్మా. నేను మనుషుల్ని చూడను."

"మంచివాడని ఎవరన్నారు? పెద్ద బద్ధకస్తుడు. టేపుతో మనిషిని కట్టేసేంత ఓపికుంటే మా ఇంటి మంచం కోడు ఎప్పుడో బాగుచేసేవాడు!"

కాపలావాడు ఫక్కున నవ్వాడు. ఆవిడ వాణ్ణి కళ్లతోనే కాల్చేసి, ఈమె వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మీరొకసారి సరిగ్గా చూశారా?"

మిరపకాయకి ఒళ్లు మండింది. తన పని తనకి నేర్పడానికి ఈవిడెవరు? "మా పని మాకు తెలుసు," అని విదిలించి పోయింది. నాలుగడుగులు పోయాక ఆ మంట తనవైపే తిరిగింది. సరిగ్గా చూడటం మాట అటుంచు, ఆమె ఇంకా అసలు చూడనే లేదు. చూడకుండా సంతకం పెట్టడానికి కలం మూత కూడా తీసి వచ్చింది. అన్నం తినలేదు. వెనక్కి పోయింది.

పచ్చి ఫొటో తెరిచింది. కడిగినదాన్ని పక్కకి నెట్టి, కూలీ వేలుని మూసేసి, దొరికిన ముద్రని ఒంటరిగా చూసింది. తెల్లటి గీతలు సుడి తిరుగుతున్నాయి. సుడికి కాస్త కింద, ఏటవాలుగా, ఒక నల్లటి సన్నటి ఖాళీ. గీతలన్నీ అక్కడ తెగి ఉన్నాయి. కడిగిన ఫొటోలో ఆ ఖాళీ లేదు. నేర్చిన యంత్రం కదా, గీత అన్నాక తెగదనుకుని, అటు చివరని ఇటు చివరకి అతికించేసింది. అతికిన చోట కొత్త చీలికలు పుట్టాయి. మాష్టారు "ఇదిగో ఇక్కడ కలిసింది, అక్కడ కలిసింది" అని గుర్తులు పెట్టిన చోట్లలో సగం ఆ అతుకు మీదే ఉన్నాయి.

ఫొటోలు పట్టుకుని మాష్టారి గదిలోకి పోయింది. తలుపు కొట్టలేదు.

"ఇది గాటు మాష్టారూ. ఈ బొటనవేలికి ఎప్పుడో తెగి మానిన గాటుంది. కూలీని పట్టుకున్నాక తీసుకున్న వేళ్లు చూశాను. నున్నగా ఉన్నాయి. గాటు లేదు, గీరు లేదు."

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. "మడత. టేపు నలిగింది. నలిగిన చోట పొగ పట్టలేదు."

"మడతైతే అటు గీత ఇటు గీతకి తిన్నగా రావాలి. ఇక్కడ మెట్టు దిగినట్టు కిందకి జారాయి చూడండి. తెగిన చర్మం మానితేనే ఇలా ఉంటుంది."

"టేపు లాగితే సాగదా? సాగితే జారదా? ఆ మాత్రం నాకు తెలీదనుకున్నావా?"

అందులో నిజముంది. టేపు సాగుతుంది. ఒక్క ముద్రని పట్టుకుని గాటో, మడతో ప్రమాణం చేసి చెప్పలేం. ఆమె కోపం ఒక్క క్షణం నిలబడటానికి చోటు లేక తడబడింది.

"అయితే జిగురు వైపు చూద్దాం. కట్టేటప్పుడు టేపు వేలికి అంటుకోకుండా ఉండదు. ఉండలా చుట్టుకుపోయిన ముక్క ఒకటి ఇంకా సంచిలోనే ఉంది. దాన్నెవరూ విప్పలేదు."

"సమాధానం దొరికాక విప్పడమెందుకు? మందు పోశాక అది మళ్లీ ఎందుకూ పనికిరాదు. పాడైతే రేపు కోర్టులో ఎవరు చెప్తారు? కంప్యూటర్ లక్షల్లోంచి వెతికి ఒకణ్ణి చూపించింది. నేను చూశాను. ఇంక నీకేం కావాలి?"

"లక్షల్లో వెతికితే పోలిక దొరక్కేం చేస్తుంది? బజార్లో లక్షమందిని నిలబెడితే మీలాంటి ముక్కున్నవాడు ఒకడు దొరకడా? వాడు మీరైపోతారా?"

"నా ముక్కు జోలికి రాకు."

"ముద్రని ఒంటరిగా చూడమని నాకెవరు చెప్పారు? మీరే. ఇప్పుడు మీరు చూసింది ముద్ర కాదు మాష్టారూ, ఆ ప్రోగ్రాం వేసిన బొమ్మ. దానిక్కావలసింది అది గీసింది, మీక్కావలసింది మీరు చూశారు."

మాష్టారి మొహం ఎర్రబడింది. బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "నేను నేర్పిన చదువు నాకే అప్పజెప్తున్నావా? పో! పోసి చూడు! పాడైతే నీ పేరే రాస్తాను, గుర్తుపెట్టుకో."

"రాయండి. స్పెల్లింగు తప్పు లేకుండా రాయండి."

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలకి గడ్డుకాలం వచ్చింది. భర్త మోటార్లకి వైండింగ్ చేస్తాడు. చేతినిండా గ్రీజు, నోటినిండా పరాచికం. వంటగది గుమ్మంలో నిలబడి కాసేపు చప్పుడు విన్నాడు.

"అంట్లు తోముతున్నావా, సాక్ష్యాలు మాయం చేస్తున్నావా?"

"మీరు మాట్లాడకండి," అంటూనే గిన్నెకీ గిన్నెకీ మధ్య జరిగిందంతా చెప్పేసింది.

"నీ పేరే రాస్తానన్నాడా? నిజంగానే రాస్తే?"

"ఉద్యోగం పోతుంది."

ఆయన పరాచికం ఆగిపోయింది. అద్దె ఇల్లు, చదువుకునే కూతురు. రెండు జీతాలు కలిస్తేనే నెల గట్టెక్కే సంసారం. "ఒక్క సంతకమే కదే," అన్నాడు మెల్లగా. "ముందు పెట్టినాయన పెద్దవాడు. తప్పయితే ఆయన మెడకి చుట్టుకుంటుంది గాని..."

"ఇద్దరు చూడాలని ఎందుకు పెట్టారో తెలుసా మీకు? ఒకడు గుడ్డివాడైతే రెండోవాడికి కళ్లుంటాయని. ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరం చెయ్యేసుకుని నడిస్తే గోతిలో పడేది మేం కాదు. ఆ మోసేవాడు." గిన్నె బోర్లించి చీర చెంగుకి చేతులు తుడుచుకుంది. "అన్నం పెట్టనా, ఇంకా భయపడతారా?"

"భయపడుతూ తింటాను," అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే టేపు ఉండని గడ్డకట్టే చలి పెట్టెలో పెట్టింది. చలికి జిగురు బిగుసుకుని పట్టు వదులుతుంది. అప్పుడు రెండు పటకార్లతో, వెంట్రుకవాసి చొప్పున, పొరని పొర నుంచి విడదీయాలి. తొందరపడితే జిగురుతో పాటు ముద్ర కూడా ఊడొస్తుంది. కోపిష్టి మనిషి చేతులు అంత నెమ్మదిగా ఎలా కదులుతాయో ఆ గదిలో ఎవరికీ ఎప్పుడూ అర్థం కాలేదు. కోపమంతా ఆమె పళ్ల మధ్య ఉంటుంది, చేతుల్లోకి రానివ్వదు. టేపు విడివడేసరికి దవడలు నొప్పెట్టాయి.

జిగురు వైపుకి వేసే మందు అందరికీ తెలిసిందే. నోరు పూస్తే పిల్లలకి పూసే ఊదారంగు నీళ్లు, జెన్షన్ వయొలెట్. వేలు జిగురుకి తగిలినప్పుడు వదిలిన జిడ్డుకీ, చర్మపు పొట్టుకీ అది పట్టుకుంటుంది. టేపుని అందులో ముంచి, చల్లటి ధారకింద కడిగింది. మొదట గోదాము గుమాస్తా చేతి వెంట్రుకలు కనిపించాయి. ఆ తరవాత ఊదా మరక, ఆ పక్కన మరో మరక. పాడు చేశానా? ఇంకొంచెం కడిగింది. మరక అంచు పలచబడి, అందులోంచి ఒక సుడి బయటికొచ్చింది.

సుడి పక్కన చీలిన గీత, నున్నటి వైపు ఉన్నట్టే. దాని కింద ఆగిపోయిన గీత, అలాగే. ఇంకా కింద, అదే చోట, అదే ఏటవాలులో, ఖాళీ. మెట్టు దిగిన గీతలు. టేపు రెండు చోట్ల, రెండు వైపులా, ఒకే తీరుగా మడత పడదు. తెగింది టేపు కాదు, వేలు.

ఆమెకి సంతోషం రావాలి. రాలేదు. ఈ ముక్క సంచిలో పడుండగా ఒక మనిషి ఇన్నాళ్లు లోపల పడున్నాడన్న ఆలోచన వచ్చింది. ఫొటోలు తీసి మాష్టారి ముందు పరిచింది.

ఆయన చాలాసేపు చూశాడు. "తిరగేసి తీశావేమో. పారదర్శకమైన టేపు కదా, వెనక వైపు నుంచి తీస్తే..."

"అక్షరాలు తిరగేసి చదవడం నాకు పలకతో పాటే వచ్చింది. జిగురు వైపు నుంచే తీశాను. మళ్లీ చూడండి."

మళ్లీ చూశాడు. ఈసారి భూతద్దం తీశాడు. చాలాసేపటికి భూతద్దం కింద పెట్టి, కాగితం తన వైపు లాక్కుని, "అతనిదే" అన్నది కొట్టేసి, దాని పక్కన "చెప్పలేం" అని రాశాడు.

"ఇదేమిటి?"

"చెప్పలేం. ముద్ర స్పష్టంగా లేదు, ఏమీ తేల్చలేకపోయాం. చాలు కదా?"

"చాలదు. అది గాటున్న వేలు, అతనిది గాటు లేని వేలు. మనం తేల్చాం. 'కాదు' అని రాయండి."

"రెండూ ఒకటే తల్లీ, ఎందుకు పట్టుదల?"

"ఒకటేనా? 'చెప్పలేం' అంటే అతనిదైనా కావచ్చు అని స్టేషన్లో చదువుకుంటారు. లోపలే ఉంచుతారు. మన తప్పుకి గొడుగు పట్టడానికి అతను ఎండలో నిలబడాలా?"

"నా ఉద్యోగంలో ఎప్పుడూ ఇలా మాట మార్చి రాయలేదు," అన్నాడాయన. ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే ఆమెకి తేలికయ్యేది. "ఇది రాస్తే, ఆ ప్రోగ్రాంతో కడిగి నేను తేల్చినవన్నీ తీసి చూడమంటారు. తెలుసా నీకు?"

"తెలుసు. తీసి చూద్దాం. వాటిలో రెండో సంతకాలు నావీ ఉన్నాయి."

మాష్టారు తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. జాలి కోసం వెతికాడేమో. అక్కడ అది దొరకలేదు. కలం తీసుకుని "చెప్పలేం" కొట్టేసి "అతనిది కాదు" అని రాశాడు. కింద, కారణం కూడా నాలుగు వాక్యాల్లో రాశాడు: యంత్రం గాటుని అతికించిందనీ, తాను పచ్చి ఫొటో చూడలేదనీ. దస్తూరీ ఎప్పట్లాగే గుండ్రంగా ఉంది. ఆమె నిలబడే సంతకం పెట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి ఇన్‌స్పెక్టర్. మాష్టారు విషయం చెప్పాడు. అటు గొంతు గదంతా వినపడేలా లేచింది.

"అతనిది కాదా? నిన్నటిదాకా అతనిదే అన్నారు! మీ మాట మీదే కదండీ పట్టుకుంది? అతనిది కాకపోతే మరి ఎవరిది?"

మిరపకాయ మాష్టారి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఎవరిదో మాకింకా తెలీదు."

"మరి తెలిసేదాకా ఇతన్ని..."

"తెలిసేదాకా ఖాళీగా ఉంటే బాగోదని ఎవరో ఒకణ్ణి కూర్చోబెట్టుకుంటారా? అది లాకప్పండీ, బస్సులో సీటు కాదు. కాగితం ఇప్పుడే పంపిస్తున్నాను. అందేలోపు, లోపలేసేటప్పుడు విప్పించిన అతని చెప్పులెక్కడున్నాయో వెతికించండి."